పత్తి గింజ సగం కూడా మొలవలేదు, చేతిలో తెల్ల చిట్టీ ఒక్కటే ఉంది: ఇప్పుడేం చేయాలి?

మునుగోడు వైపు రైతు ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. మూడెకరాల చెలకలో ఆరు ప్యాకెట్ల బీజీ-2 (కాయతొలుచు పురుగును తట్టుకునేట్టు జన్యువు చేర్చిన) పత్తి పెట్టారు. తొమ్మిది రోజులైంది, సాళ్లలో సగం కూడా మొలక కనిపించడం లేదు. ఏడో ప్యాకెట్ విప్పకుండా ఇంట్లోనే ఉంది. విత్తనాల దుకాణం సేటు ఉద్దెరకు ఇచ్చాడు, బిల్లు ఇవ్వకుండా లెక్క తెల్ల చిట్టీ మీద రాసిచ్చాడు. అడిగితే "కంపెనీ మాలే, వాన సరిపోక మొలవలేదు" అంటున్నాడు. ఇది నకిలీ విత్తనమేనా? ఎవరికి చెప్పాలి? దున్ని మళ్లీ పెట్టుకోవచ్చా? అదే దుకాణంలో తెచ్చిన డీఏపీ మీద కూడా ఆయనకు అనుమానం ఉంది.

ముందు సూటిగా జవాబు. ఏడో ప్యాకెట్ విప్పొద్దు. ఖాళీ ప్యాకెట్లు ఒక్కటి కూడా పారేయొద్దు. పొలం మొత్తం ఒకేసారి దున్నొద్దు. ఇయ్యాలే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీ, ముద్ర వేయించుకోండి. అధికారి వచ్చి చూసి రాసేదాకా ఆగండి. సీజన్ దాటిపోతుందన్న భయముంటే పది గుంటలు వదిలి మిగతాది దున్ని మళ్లీ పెట్టుకోండి. తెల్ల చిట్టీ ఉన్నంత మాత్రాన కేసు పోదు, కానీ దాన్ని ఈ వారంలోనే బలపరచుకోవాలి. ఎట్లాగో కింద చెప్తాను.

నకిలీయా కాదా అన్నది ఇప్పుడే తేల్చి చెప్పలేం. సేటు మాట నమ్మి ఊరుకోవడం ఎంత తప్పో, గింజ మొలవలేదు కాబట్టి నకిలీయే అని తీర్మానించుకోవడం కూడా అంతే తప్పు. వినియోగదారుల కమిషన్ ముందు కంపెనీ వకీలు మొదట పట్టుకునేది ఆ తొందరపాటునే.

మూడు రకాల మోసాలు, మూడు దారులు

అందరూ నకిలీ విత్తనం అని ఒకే మాట వాడతారు. నిజానికి ఇందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి. మీది ఏ రకమో తెలియకుండా ఫిర్యాదు రాస్తే దారి తప్పుతుంది.

మొదటిది అచ్చమైన నకిలీ. పేరున్న కంపెనీ ప్యాకెట్ లాంటిదే అచ్చు వేయించి, లోపల జిన్నింగు మిల్లు గింజో, లూజుగా కొన్న గింజో రంగు కలిపి నింపుతారు. ఇక్కడ ఆ కంపెనీ మీకు శత్రువు కాదు, సాక్షి. ప్యాకెట్ మీది లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన సరుకు గుర్తు) చెప్పి "ఈ లాట్ మీదేనా, ఏ డీలరుకు పంపారు" అని కంపెనీ వినియోగదారుల నంబరుకు ఫోన్ చేసి, అదే మాట ఈమెయిల్‌లో కూడా రాసి అడగండి. మాది కాదని రాతలో జవాబు వస్తే కేసు దుకాణం మీదికి, సరఫరా చేసినవాడి మీదికి పోతుంది. పోలీసులు మోసం కింద, అంటే భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కింద, కేసు కట్టొచ్చు. పదే పదే ఇదే పని చేసేవాళ్ల మీద 2017 నుంచి మన తెలంగాణలో పీడీ చట్టం (ముందస్తు నిర్బంధ చట్టం) కూడా పెడుతున్నారు.

రెండోది నాసిరకం. ప్యాకెట్ అసలుదే, లైసెన్సు ఉంది, కంపెనీ ఒప్పుకుంటుంది, కానీ గింజలో సత్తువ లేదు. నిరుటి మిగులు సరుకుకు కొత్త తేదీ అంటించడం, వేసవిలో రేకుల గోదాములో పేర్చడం, ఎండలో లారీ మీద రోజుల తరబడి ఉంచడం, ఇవీ కారణాలు. నిజంగా ఎక్కువమంది రైతులు నష్టపోయేది ఈ రకంతోనే. డబ్బు వసూలయ్యే అవకాశం కూడా దీనిలోనే ఎక్కువ, ఎందుకంటే అవతల చిరునామా ఉన్న కంపెనీ ఉంటుంది.

మూడోది అనుమతి లేనిది. మన దగ్గర బీజీ-3 అనో, గడ్డిమందు పత్తి అనో అమ్మే కలుపుమందు తట్టుకునే రకం. మన దేశంలో 2002లో బీజీ-1కు, 2006లో బీజీ-2కు అనుమతి వచ్చింది, కలుపుమందు తట్టుకునే పత్తికి మాత్రం అనుమతి లేదు. బీజీ-3 పేరుతో చట్టబద్ధమైన ప్యాకెట్ ఏదీ లేదు. కాబట్టి దానికి బిల్లు రాదు, మొలక శాతానికి హామీ ఉండదు, నష్టపోతే అడిగే దారీ ఉండదు. పైగా దాని మీద కొట్టే గ్లైఫోసేట్ కలుపుమందును 2022 అక్టోబరు నుంచి కేంద్రం పరిమితం చేసింది, తెగుళ్ల నియంత్రణ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదు. మీరు కొన్నది ఇదే అయితే నష్టపరిహారం ఆశ పెట్టుకోకండి. అయినా అమ్మినవాడి వివరాలు అధికారికి చెప్పండి, ఇంకో పది ఇండ్లు మునగకుండా ఉంటాయి.

లూజు గింజ ఎక్కడిదన్న అనుమానం చాలామందికి ఉంటుంది. గద్వాల చుట్టుపక్కల గట్టు, ధరూర్, మల్దకల్, అయిజ మండలాల్లో రైతులు కంపెనీల కోసం పత్తి విత్తనం పండిస్తారు. జన్యు స్వచ్ఛత (గింజల్లో చెప్పిన రకమే ఎంత శాతం ఉందన్న) పరీక్షలో తప్పిన లాట్లను విత్తనంగా అమ్మకూడదు. అవి సంచుల్లో దళారుల చేతికి జారితే ఇట్లా ప్యాకెట్లుగా మన ఊళ్లకు వస్తాయి. సరిహద్దు అవతల రాయచూరు, కర్నూలు వైపు నుంచి వచ్చేది వేరే. అందుకే "గద్వాల సీడే, నేరుగా తెచ్చిన" అన్న మాట నాణ్యతకు హామీ కాదు. అది జాగ్రత్త పడాల్సిన మాట.

ప్యాకెట్‌ను ఎట్లా చదవాలి

ఖాళీ ప్యాకెట్‌ను వెలుతురులో పెట్టి నింపాదిగా చూడండి. కంపెనీలు సొంత బాధ్యత మీద అమ్మే విత్తనానికి లేత ఆకుపచ్చ లేబుల్ ఉంటుంది. ధ్రువీకరణ సంస్థ పరీక్షించినదానికి నీలం ట్యాగు. మన పత్తి హైబ్రిడ్లు దాదాపు అన్నీ ఆకుపచ్చవే, కాబట్టి నీలం ట్యాగు లేదని కంగారు పడక్కర్లేదు.

లేబుల్ మీద ఉండాల్సినవి: పంట, హైబ్రిడ్ పేరు, లాట్ నంబరు, పరీక్ష తేదీ, గడువు తేదీ, మొలక శాతం, భౌతిక స్వచ్ఛత, జన్యు స్వచ్ఛత, నికర బరువు, తయారీదారు పూర్తి చిరునామా, మందు పట్టించిన గింజ అన్న విషం హెచ్చరిక. పత్తి హైబ్రిడ్‌కు మొలక కనీసం 75 శాతం, భౌతిక స్వచ్ఛత 98 శాతం, జన్యు స్వచ్ఛత 90 శాతం ఉండాలి. పరీక్ష తేదీ నుంచి గడువు సాధారణంగా 9 నెలలు.

నకిలీ పట్టుబడేది ఎక్కువగా లాట్ నంబరు దగ్గరే. పౌచ్ మీద యంత్రంతో కొట్టిన నంబరు, లేబుల్ మీది నంబరు, బిల్లులో రాసిన నంబరు మూడూ ఒకటిగా ఉండాలి. తేదీ మీద తేదీ అంటించారా అని గోటితో గీకి చూడండి. అంటించిన స్టిక్కర్ కింద పాత తేదీ దొరికిందంటే కేసులో సగం బలం అదే, దాన్ని పీకకుండా అట్లాగే ఫొటో తీసి దాచండి. అంచు అతుకు ఒకసారి విప్పి మళ్లీ వేడితో అతికినట్టు ముడతలు పడి ఉందా చూడండి. బీజీ-2 ప్యాకెట్ నికర బరువు 475 గ్రాములు. అందులోనే 5 నుంచి 10 శాతం దాకా బీటీ కాని (పురుగును తట్టుకునే జన్యువు లేని) గింజలు కలిపి ఉంటాయి. వెనకటి లాగా 120 గ్రాముల విడి పొట్లం ఇప్పుడు రాదు. ఎవరైనా 450 ప్లస్ 120 గ్రాముల ప్యాకెట్ అంటగడితే అది పాత సరుకని అనుమానించాల్సిందే.

ధర కూడా సాక్ష్యమే. కేంద్రం పెట్టిన గరిష్ఠ ధర 2024-25లో 864 రూపాయలు, 2025-26లో 901. దానికి మించి తీసుకుంటే ధరల నియంత్రణ ఉత్తర్వు కింద అది వేరే నేరం, ఫిర్యాదులో తప్పక రాయండి. మరీ తక్కువకు వచ్చినా అనుమానించండి. 901 ప్యాకెట్‌ను 500కు ఇచ్చే డీలర్ లాభం ఎక్కడ వెతుక్కుంటాడో ఒకసారి ఆలోచించండి.

ఇక గింజ. అసలు హైబ్రిడ్ గింజ ఆమ్లంతో నూగు తీసి నున్నగా ఉంటుంది. మందు రంగు అన్ని గింజలకూ ఒకే తీరుగా పట్టి ఉంటుంది. నూగు మిగిలి, పగిలిన గింజలు, తాలు గింజలు ఎక్కువగా ఉంటే, రంగు చేతికి పిండిలా రాలుతుంటే బాగా లేదని అర్థం. రంగు ఒక్కటే చూసి మోసపోవద్దు, రంగు బజార్లో కొంటే దొరుకుతుంది.

ఇంట్లో మొలక పరీక్ష

ఇది మూసిన ప్యాకెట్‌తో చేయొద్దు. వాడిన ప్యాకెట్లలో అడుగున గింజలు మిగిలి ఉంటే వాటితోనే చేయండి, లేదంటే అదే లాట్ తెచ్చిన పక్క రైతు దగ్గర అడగండి. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కోండి, గింజకు మందు ఉంది.

ఏరకుండా 100 గింజలు లెక్కపెట్టి 25 చొప్పున నాలుగు వంతులు చేయండి. మంచివి ఏరి పెడితే పరీక్షకు విలువ ఉండదు. గోనె సంచి ముక్కను ఉడికించి ఆరనిచ్చి, తడిపి పిండండి. నీళ్లు కారకూడదు, తడి మాత్రం ఉండాలి. గింజలను వేలెడు ఎడంతో పరిచి, మీద ఇంకో ముక్క కప్పి, చాపలా చుట్టి నీడలో పెట్టండి. పొద్దున, సాయంత్రం నీళ్లు చిలకరించండి. నాలుగో రోజు ఒకసారి, ఏడో రోజు ఇంకోసారి లెక్కించండి. ల్యాబులో ఆఖరి లెక్క పన్నెండో రోజు తీస్తారు, ఓపిక ఉంటే అప్పటిదాకా ఉంచండి. తెల్లగా వేరు పొడిస్తే చాలదు, వేరు, కాండం రెండూ సరిగా ఉన్న మొలకనే లెక్కపెట్టాలి. మెలిక తిరిగినవి, కుళ్లినవి మొలకలు కావు.

75 పైన వస్తే గింజ మంచిదే, తప్పు పొలంలో వెతకాలి. 60 నుంచి 75 మధ్య వస్తే దాని మీద కొట్లాట గెలవడం కష్టం. 60 కంటే తక్కువైతే గట్టిగా ముందుకు పోండి. ఇంటి పరీక్ష కమిషన్‌లో రుజువుగా నిలవదు. పోరాడాలా వద్దా అన్నది మీరు తేల్చుకోవడానికి మాత్రం అది సరిపోతుంది.

తప్పు గింజదా, నేలదా

కంపెనీ తరఫు మాట ఎప్పుడూ ఇదే: వాన చాలలేదు, లోతుగా పెట్టారు, ఎరువు తగిలింది. వాటిలో కొన్ని నిజం కూడా అవుతాయి, అందుకే ముందుగా మీరే చూసుకోవాలి.

చెలకలో 50-60 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో 60-75 మిల్లీమీటర్ల వాన పడ్డాక గింజ పెట్టాలని వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్తుంది. మృగశిర తొలకరికి ఒక్క జల్లు పడగానే అచ్చు తోలి పెడితే గింజ ఉబ్బి, తడి చాలక లోపలే చస్తుంది. మట్టి తవ్వి చూస్తే తెలిసిపోతుంది. గింజ ఎండి గట్టిగా అట్లాగే ఉంటే తడి అందలేదు. ఉబ్బి మెత్తబడి కుళ్లి ఉంటే, మొలక లేకపోతే, గింజలో సత్తువ లేదన్న అనుమానం బలపడుతుంది. మొలక వచ్చి మట్టి పొర కింద వంగి ఆగిపోతే వాన తర్వాత కట్టిన పొర కారణం, ఎర్రచెలకల్లో ఇది ఎక్కువ. వేరు కొస మాడినట్టు నల్లబడితే గింజ పక్కనే పడ్డ ఎరువు కారణం కావచ్చు. లోతు 5 సెంటీమీటర్లు దాటితే మంచి గింజ కూడా బయటికి రాలేదు.

ఒకే పొలంలో రెండు కంపెనీల గింజలు పెట్టి ఉంటే మీ అదృష్టం. అదే నేల, అదే వాన, అదే కూలీలు. ఒకటి 80 శాతం మొలిచి ఇంకోటి 35 దగ్గర ఆగితే వాన వాదన నిలబడదు. మీకు లేకపోయినా పక్క పొలంలో వేరే లాట్ ఉంటుంది, దాన్ని కూడా లెక్కించి రాయించండి. మండల వర్షపాతం రోజువారీ లెక్క ప్రభుత్వ వాన కొలమానాల దగ్గర నమోదవుతుంది. మీరు గింజ పెట్టిన వారం ముందువీ, తర్వాతవీ తీసుకుని పెట్టుకోండి.

పొలంలో లెక్క ఇట్లా తీయండి. నాలుగు మూలల్లో నాలుగు చోట్లు, మధ్యలో ఒకటి, ఒక్కో చోట సాళ్ల వెంట 100 గింజ తావులు. మొలిచినవి ఎన్ని, మొలవనివి ఎన్ని కాగితం మీద రాయండి. మొత్తం 500 తావుల లెక్క అవుతుంది. తేదీ వేసి ఇద్దరు పక్క రైతుల సంతకాలు పెట్టించండి. ఫొటోల్లో పొలం గట్టు, కరెంటు స్తంభం, చెట్టు లాంటి గుర్తు కనబడేట్టు చూసుకోండి, నేల దగ్గర నుంచి తీసినవే ఉంటే ఎవరి పొలమైనా కావచ్చంటారు. తీసిన ఫోన్‌ను మార్చకుండా ఉంచండి.

అధికారి వచ్చినప్పుడు

ఫిర్యాదు కాగితంలో ఇవి ఉండాలి: మీ పేరు, ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, కొన్న తేదీ, దుకాణం పేరు, హైబ్రిడ్ పేరు, లాట్ నంబరు, ఎన్ని ప్యాకెట్లు, ఎంత ధర, గింజ పెట్టిన తేదీ, ఇప్పటి మొలక లెక్క. చివర్లో రెండు కోరికలు రాయండి. ఒకటి, పొలం చూసి నివేదిక ఇవ్వాలి. రెండు, అదే లాట్ నుంచి దుకాణంలో నమూనా తీయాలి. రెండోది మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఎందుకంటే మీ ఇంట్లో విప్పిన ప్యాకెట్ గింజను చట్టబద్ధమైన నమూనాగా తీసుకోరు. 1966 విత్తన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇన్‌స్పెక్టరు నోటీసు ఇచ్చి, నమూనాను మూడు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి దుకాణదారుకు, ఒకటి ల్యాబుకు, ఒకటి తన దగ్గర. దుకాణంలో ఆ లాట్ అమ్ముడైపోతే ఇక తీయడానికి ఏమీ ఉండదు. మీరు ఫిర్యాదు ఇచ్చిన సాయంత్రమే సరుకు మాయమైన సందర్భాలు తక్కువేమీ కాదు. అందుకే ఫిర్యాదు ఇచ్చే ముందు సేటుతో గొడవ పెట్టుకోవద్దు, బెదిరించొద్దు. ముందు కాగితం ఇవ్వండి, మాటలు తర్వాత చూసుకోవచ్చు. సరుకు లేదన్నాడంటే మీ ఏడో ప్యాకెట్ అప్పుడు బంగారం. దాన్ని అధికారి ఎదుట పంచనామా రాయించి గుడ్డ సంచిలో సీలు వేయించండి. ఎండ తగలని చోట, ఎరువు సంచులకు దూరంగా ఉంచండి.

పొలం చూడటానికి వ్యవసాయ అధికారితో పాటు శాస్త్రవేత్త కూడా వచ్చేట్టు అడగండి. నల్గొండ వాళ్లకు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం, నాగర్‌కర్నూల్ వైపు వాళ్లకు పాలెం, వనపర్తి వైపు మదనాపురం ఉన్నాయి. కంపెనీకీ, డీలరుకూ తనిఖీ తేదీ ముందే తెలియజేయమని అధికారిని అడగండి. "మాకు చెప్పకుండా చూశారు" అన్న సాకు అప్పుడు ఉండదు. నివేదికలో "మొలక తక్కువగా ఉంది" అన్న వాక్యంతో సరిపెట్టుకోవద్దు. ఎంత శాతం, ఏ లాట్, వాన సరిపోయిందా, పక్క పొలం ఎట్లా ఉంది, కారణం విత్తనమేనా అన్నది రాయమని మర్యాదగా అడగండి. కారణం రాయని నివేదికతో ఓడిన కేసులు చాలా ఉన్నాయి.

తనిఖీ అయ్యాక దున్నుకోండి. తనిఖీ ఆలస్యమైతే పది గుంటలు, రోడ్డు వైపు కాకుండా పొలం నడుమ నుంచి, వదిలేసి మిగతాది దున్నండి. వదిలిన ముక్క ఎక్కడుందో ఫిర్యాదులో రాయండి. మన దగ్గర వానాధార పత్తి జూలై 15-20 దాకా పెట్టుకోవచ్చు, అది దాటితే కందికి మారడం మేలు. సగం మొలిచిన సాళ్లలో పోగుంటలు (ఖాళీ తావుల్లో మళ్లీ గింజలు) పెట్టాలని చూడొద్దు. తొమ్మిది పది రోజుల తేడాతో మొలిచిన మొక్కలు పాతవాటి నీడలో ఎదగవు. పైగా ఏ గింజ ఎవరిదో తర్వాత తేల్చలేం.

తెల్ల చిట్టీ సంగతి

1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం లైసెన్సు ఉన్న ప్రతి డీలరూ కొన్నవాళ్లకు బిల్లు ఇవ్వాలి. ఉద్దెర కాబట్టి బిల్లు లేదన్నది చట్టంలో లేదు. ఉద్దెరకు కొన్నా మీరు వినియోగదారుడే.

చిట్టీని బలపరచడానికి ఇవి చేయండి. చిట్టీ మీద దుకాణం ముద్ర, సేటు చేతిరాత, తేదీ ఏది ఉన్నా ఫొటో తీసి అసలును ప్లాస్టిక్ కవరులో పెట్టండి. బాకీలో కొంత సొమ్ము ఫోన్ ద్వారా కట్టి, వివరాల దగ్గర "పత్తి విత్తనం 7 ప్యాకెట్లు" అని రాయండి. ఆ రోజు మీతో వచ్చి గింజలు కొన్నవాళ్ల ప్రమాణ పత్రం తీసుకోండి. ఫిర్యాదులో దుకాణం స్టాకు రిజిస్టరు, కంపెనీ నుంచి వచ్చిన ఇన్వాయిసు తెప్పించి చూడమని కోరండి. ఆ లాట్ ఆ దుకాణానికి వచ్చిందని రిజిస్టరులో ఉంటే, అదే లాట్ ఖాళీ ప్యాకెట్లు మీ చేతిలో ఉంటే, బిల్లు లేని లోటు చాలావరకు పూడుతుంది. కౌలు రైతులకు ఒక మాట: పట్టా పుస్తకం మీ పేరున లేకపోయినా, గింజ కొన్నది మీరైతే కేసు వేసే హక్కు మీదే. కౌలు కాగితం లేకపోతే పక్క పొలాల వాళ్ల వాంగ్మూలం చాలు.

డబ్బు తిరిగి వచ్చే దారి

విత్తన చట్టం కింద మొదటి నేరానికి శిక్ష 500 రూపాయల దాకా జరిమానా. ఆ డబ్బు కూడా మీకు రాదు. కాబట్టి వ్యవసాయ శాఖ కేసు పెట్టిందని ఊరుకోకండి. పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవాలి.

రైతు వినియోగదారుడు కాడు, వ్యాపారానికి కొన్నాడు అని కంపెనీలు వాదించేవి. జాతీయ విత్తన సంస్థ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసుల్లో సుప్రీంకోర్టు 2012 జనవరిలో ఆ వాదన కొట్టేసింది. రైతు గింజలన్నీ పొలంలో పెట్టేస్తాడు, పరీక్ష కోసం దాచుకోవాలని ఆశించలేం అని కూడా చెప్పింది. నమూనా లేదు కాబట్టి కేసు చెల్లదన్న మాటకు ఇదే జవాబు. ఆ తీర్పు ప్రతి ఒకటి ఫైలులో పెట్టండి.

2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. కేసు ఏ స్థాయికి పోతుందన్నది మీరు విత్తనానికి కట్టిన సొమ్మును బట్టి ఉంటుంది, 50 లక్షల దాకా జిల్లా కమిషనే. ఆ సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. వకీలు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. దానికి ముందు డీలరుకూ కంపెనీకీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, ఒకరినే చేరిస్తే లేనివాడి మీదికి నెడతారు. 1915 జాతీయ సహాయ నంబరుకు ఫోన్ చేస్తే కొన్ని కంపెనీలు అక్కడే రాజీకి వస్తాయి. విత్తనం ఖరీదు ఒక్కటే ఇచ్చి సంతకం పెట్టించుకునే రాజీకి మాత్రం ఒప్పుకోవద్దు.

ఎంత అడగాలి? ఇప్పుడు దున్ని మళ్లీ పెడితే లెక్క చిన్నది: ఆరు ప్యాకెట్ల ధర, దున్నకం, అచ్చు, కూలీ, మొదటి ఎరువు, మళ్లీ కొన్న విత్తనం, ఆలస్యంతో తగ్గిన దిగుబడి. దున్నకుండా అట్లాగే పండిస్తే లెక్క వేరు. పక్క పొలంలో ఎకరాకు 8 క్వింటాళ్లు వచ్చి మీకు 3 వస్తే, మూడెకరాలకు నష్టం 15 క్వింటాళ్లు. 2025-26 పొడుగు పింజ మద్దతు ధర 8,110 చొప్పున 1,21,650 రూపాయలు. ఏరని పత్తికి ఏరుడు కూలీ పెట్టలేదు కదా, కిలోకు 12 అనుకుంటే 18,000 తీసేయండి. 1,03,650 మిగులుతుంది. ఇట్లా తీసివేతలు కూడా చూపించిన లెక్కను కమిషన్ నమ్ముతుంది. ఎకరాకు 15 క్వింటాళ్లు వచ్చేవని రాస్తే చెలక నేలలో ఎవరూ నమ్మరు, మిగతా నిజాలు కూడా పలచబడతాయి.

మొలిచాక బయటపడే మోసం

మొలక బాగుండి, పూతకో కాతకో వచ్చాక తేడా తెలిసే కేసులు ఇంకా కష్టం. మొక్కలు ఎత్తులో, ఆకులో, పూల రంగులో రకరకాలుగా ఉంటే 100 మొక్కల చొప్పున నాలుగు చోట్ల లెక్కించండి. నూటికి 10 దాకా తేడా మొక్కలు నిబంధనల్లోనే ఉంది. 25, 30 ఉంటే జన్యు స్వచ్ఛత లేదని అర్థం. ఈ తనిఖీ పూత మీద ఉన్నప్పుడే జరగాలి, ఆకు రాలాక శాస్త్రవేత్త కూడా ఏమీ చెప్పలేడు.

బీటీ ఉందా లేదా అన్నది ఆకు నలిపి పట్టీ మీద వేసి చూసే పరీక్షతో నిమిషాల్లో తెలుస్తుంది. ఒక్క మొక్కకు లేదని వస్తే అరవకండి, ప్యాకెట్‌లోనే బీటీ కాని గింజలు కలిపి ఉంటాయని పైన చెప్పాను. కనీసం 20 మొక్కలు చూడాలి. గులాబీ రంగు పురుగు కనబడగానే విత్తనం నకిలీ అనడం కూడా సరికాదు. ఆ పురుగు బీజీ-2ను తట్టుకోవడం నేర్చి ఏళ్లయింది, అసలు ప్యాకెట్ పొలంలోనూ వస్తుంది. శనగపచ్చ పురుగు విరగబడి కాయలు తొలిస్తే మాత్రం బీటీ లేదని అనుమానించొచ్చు.

డీఏపీ గురించి

అరచేతిలో కొన్ని గుళికలు వేసి, పాన్ సున్నం కలిపి రుద్దండి. ముక్కు మండే ఘాటు వస్తే అందులో అమ్మోనియా ఉంది. రాకపోతే అది డీఏపీ కాదు, సూపర్ ఫాస్ఫేట్ గుళికలకు రంగు వేసి ఉండొచ్చు. ఘాటు వచ్చినంత మాత్రాన అసలు డీఏపీ (18-46, అంటే నత్రజని, భాస్వరం శాతాలు) అని నమ్మొద్దు, 20-20-0-13 లాంటి చౌక కాంప్లెక్సుకు కూడా అదే వాసన వస్తుంది. తేల్చేది ల్యాబే. సంచి కుట్టు ఒకే దారంతో, ఒకే వరసలో ఉందా, 50 కిలోల బరువు ఉందా, ధర 1,350 కంటే ఎక్కువ తీసుకున్నారా చూడండి. సబ్సిడీ ఎరువు ఆధార్ వేలిముద్రతో పోస్ యంత్రం మీదే అమ్మాలి, ఆ రసీదు ఇవ్వలేదంటే ఆ సంచి లెక్కలో లేనిదే. విప్పని సంచి ఒకటి ఉంటే అదే ఫిర్యాదులో విడి పేరాగా రాసి, దానికీ నమూనా తీయమనండి.

మీ ఖాళీ ప్యాకెట్ మీద ఉన్న పరీక్ష తేదీ, గడువు తేదీ, లేబుల్ మీద రాసిన మొలక శాతం ఇక్కడ రాయండి. మొలవని తావుల్లో ఒక పది చోట్ల మట్టి తవ్వి గింజ ఎండి ఉందా, కుళ్లి ఉందా చూసి అది కూడా చెప్పండి. ఫిర్యాదు ఎట్లా రాయాలో దాన్ని బట్టి చెప్తాను. అధికారికి కాగితం ఇవ్వడం మాత్రం నా జవాబు కోసం ఆపొద్దు, రేపు పొద్దున రైతు వేదిక దగ్గర మీ విస్తరణ అధికారి దొరుకుతారేమో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి.